మాటలేని సాక్షి

(లింగంపల్లిలోని యొక పఠనాలయమున నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



పాఠశాలలలో లైంగిక విద్య యుండవలెనా, ఉన్నచో ప్రభుత్వము దాని కెట్టి హద్దులు విధింపవలెను అను విషయమును గూర్చి మాటలాడుమని నన్ను కోరితిరి. సభలలో మనము జంకెడి విషయమిది. కావున న్యాయస్థానమున నేనెరిగిన యొక సంగతితో నారంభించెదను.

కొన్నియేండ్ల క్రిందట బాధితుల పక్షమున సహాయము చేయుచుండగా, పదియేండ్ల బాలిక యొకతె సాక్ష్యమిచ్చుటకు వచ్చినది. న్యాయాధిపతి మిక్కిలి దయతోడనే ప్రశ్నించిరి. ఏమి జరిగినదని యడిగిన ప్రతిసారియు నా బిడ్డ 'చెడ్డపని చేసినాడు' అని మాత్రము చెప్పి తల వంచుకొనెను. భయమొక్కటియే కారణము కాదు. తన శరీరభాగముల పేర్లే యామెకు తెలియవు. ఇంట నెవ్వరును చెప్పలేదు. బడిలో నెవ్వరును చెప్పలేదు. ఇంత గొప్ప చట్టమును ఆ చిన్ననోటి మాట కొరకు నిలిచి యెదురుచూచినది.

ఆ చట్టము 2012 నాటి పోక్సో చట్టము. ప్రత్యేక న్యాయస్థానము, రహస్య విచారణ, నేరమెరిగియు దాచినవారికి శిక్ష, ఇవన్నియు నందు కలవు. దానిని గూర్చి బాలలకును తలిదండ్రులకును తెలియజేయుట ప్రభుత్వముల విధియని 43వ సెక్షను శాసించుచున్నది. కాని పేర్లు తెలియని బిడ్డకు ఫిర్యాదు చేయు హక్కు నిచ్చుట, చేతులు కట్టివేసి కత్తి యిచ్చుట వంటిది.

2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ప్రకటించిన పరిశీలనయందు పదమూడు రాష్ట్రములలో 12,447 మంది బాలబాలికలను ప్రశ్నించిరి. నూటికి 53 మంది యేదో యొక రీతి లైంగిక వేధింపునకు గురియైతిమనిరి. ఈ వేధింపు లధికముగా గనబడిన రాష్ట్రములలో నాటి మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అపకారులలో సగముమంది బిడ్డలెరిగినవారే, నమ్మినవారే!

అదే 2007లో ప్రభుత్వములు చేసినదేమి? 2005లో కేంద్రమారంభించిన కౌమార విద్యా కార్యక్రమమును మన పొరుగు రాష్ట్రములైన మహారాష్ట్ర, కర్ణాటకలును, మధ్యప్రదేశ్ మొదలగునవియు నిషేధించినవి. 2009లో రాజ్యసభ అర్జీల సంఘము, మన నెల్లూరుసీమవారైన ముప్పవరపు వెంకయ్యనాయుడుగారి యధ్యక్షతన, బడులలో లైంగిక విద్య కూడదని తీర్మానించినది. అట్టి సంగతులు ప్లస్ టూ తరగతుల జీవశాస్త్రమునందే యుండవలెననియు, మహనీయుల చరిత్రలు బోధింపవలెననియు సూచించినది.

వారి యాక్షేపణలో నిజము లేకపోలేదు. తలిదండ్రుల కెరుకలేని పటములను, సిద్ధపడని యుపాధ్యాయుల చేతి కిచ్చి పంపుట తప్పే. కాని ఆ మందు రోగమునకు సరిపడునా? ఇంటర్మీడియటున జీవశాస్త్రము చదువువారు బై.పి.సి. విద్యార్థులే గదా! సాఫ్టువేరు కొలువులకు గురిపెట్టిన మన పేటలలో ఎం.పి.సి. చదివెడి పిల్లలమాట యేమి? పదవ తరగతితోనే చదువు మాని యీ మేడలకు ఇటుకలు మోసెడి పిల్లలమాట యేమి? ఇక మహనీయులందురా, 1883లో సతీహితబోధినిని స్థాపించి, నలుగురును నోరెత్తని సంగతులను స్త్రీలకు తెలుగున చెప్పిన వీరేశలింగముగారు మహనీయులు కారా? గాంధీమహాత్ముడు 1936లో హరిజన్ పత్రికయందు, ఇంద్రియనిగ్రహమే యీ విద్యకు పరమార్థము కావలెననెనే గాని, విద్యయే కూడదనలేదు.

నా బాల్యమున మా యుపాధ్యాయుడు పువ్వు భాగములను రెండుదినములు బోధించి, మానవ ప్రత్యుత్పత్తి పాఠమును 'ఇంట చదువుకొనుడు' అని దాటవేసెను. నేడట్లు దాటవేసినచో పాఠము నిలిచిపోదు. బిడ్డ చేతనున్న ఫోను దానిని చెప్పును. అది చెప్పు పాఠమునకు సిగ్గును లేదు, దయయు లేదు.

కావున ప్రభుత్వము నియంత్రింపవలసినదే. కాని నిషేధము నియంత్రణము కాదు. చిన్న తరగతులలో శరీరభాగముల పేర్లు, తగని స్పర్శ, చెప్పుకొనదగిన పెద్దలు, 1098 అను సంఖ్య. పై తరగతులలో యుక్తవయసు మార్పులు, నెలసరి, వ్యాధులు, చట్టము. ఇట్లు వయసునకు దగిన క్రమము నిర్ణయింపవలెను. పాఠమును ముందుగా తలిదండ్రులకు చూపవలెను. తెలుగున, ఉర్దూన, వలసవచ్చిన కూలీల భాషలలోను నది యుండవలెను. ఈ విద్య తొమ్మిదవ తరగతి వరకు ఆగరాదని 2025 అక్టోబరున సుప్రీంకోర్టు సైతము పలికినది.

2020లో నారంభమైన కేంద్ర పాఠశాలా ఆరోగ్య పథకము ప్రకారము ప్రభుత్వ పాఠశాలకు ఇద్దరు చొప్పున, ఒక ఉపాధ్యాయుడును ఒక ఉపాధ్యాయినియు, ఈ బోధనకు శిక్షితులై యుండవలెను. మన బడిలో వారెవరు? రేపుదయమే మీరు పోయి యడుగుడు. లేరన్నచో అర్జీ వ్రాయుడు, వ్రాసిపెట్టుటకు నేనున్నాను.

ఆ బిడ్డ తల వంచుకొన్నది. సిగ్గుపడవలసినది ఆమె కాదు, మనము.