ఒకే తరగతి, రెండు ఫీజులు

తెలుగు బడిలో పట్టాలు అందుకున్న పిల్లలందరికీ అభినందనలు. ఆదివారం నిద్ర మానుకుని మిమ్మల్ని గుణింతాలకు లాక్కొచ్చిన అమ్మానాన్నలకు అంతకంటే ఎక్కువ అభినందనలు. తెలుగు గొప్పదనం గురించి పెద్దలు ఇప్పటికే చెప్పేశారు కాబట్టి నేను కాలేజీ ఫీజుల గురించి మాట్లాడతాను. ఇంకో ఏడాదికో రెండేళ్లకో మీ ఇళ్లలో జరగబోయే చర్చ అదేగా!

ఆ కథ బడి ఫీజుతో మొదలవుతుంది. మన డాలస్ నుంచి తూర్పుగా కారులో గంటన్నర వెళ్తే టైలర్ వస్తుంది. గులాబీలకు పేరున్న ఊరు. 1977లో అక్కడి బడులు, వలస పేపర్లు లేని కుటుంబాల పిల్లలు ఏడాదికి 1,000 డాలర్లు కడితేనే రానిస్తామన్నాయి. మెక్సికో నుంచి వచ్చిన నాలుగు కుటుంబాలు కోర్టుకెళ్లాయి. వాళ్లు ఎవరి కంటా పడకూడదని జడ్జిగారు విచారణ పొద్దున్న ఆరింటికే పెట్టారు. అటునుంచి అటే దేశం దాటించేస్తారేమోనని, ఒక కుటుంబం సామానంతా కారులో సర్దుకుని మరీ వచ్చింది. చివరికి 1982 జూన్ 15న సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆ పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. ఈ దేశంలో ఏ ప్రభుత్వ బడీ మిమ్మల్ని వీసా చూపించమని అడగకపోవడానికి కారణం ఆ నాలుగు కుటుంబాలే.

ఆ తీర్పు పన్నెండో తరగతి దాకానే. కాలేజీ గుమ్మం దగ్గర పేపర్లు లేని పిల్లలకు ఫెడరల్ సాయం అందదు, ఫీజు చూస్తే స్థానికులు కట్టేదానికంటే చాలా ఎక్కువ. 2001లో టెక్సస్ దీనికొక దారి చూపింది. మూడేళ్లు ఇక్కడుండి, ఇక్కడే హైస్కూల్ పూర్తిచేసి, వీలైనప్పుడు గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేస్తామని రాసిచ్చిన పిల్లలకు స్థానికులు కట్టే ఇన్-స్టేట్ ఫీజే చాలంది. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. సంతకం పెట్టింది రిపబ్లికన్ గవర్నర్ రిక్ పెర్రీ! పదేళ్ల తర్వాత అధ్యక్ష పదవికి పోటీపడుతూ ఆ చట్టాన్ని సమర్థించుకున్నందుకు సొంత పార్టీలోనే చీవాట్లు తిన్నారాయన.

2025 జూన్ 4న ఫెడరల్ ప్రభుత్వం ఆ చట్టంపై దావా వేసింది. రాష్ట్రం వాదించనైనా లేదు, సరేనంది. అదే రోజు జడ్జి ఉత్తర్వు వచ్చేసింది. ఇరవై నాలుగేళ్ల చట్టం ఒక్క పూటలో పోయింది. నాకు మింగుడుపడనిది తీర్పు కాదు, ఆ పిల్లల మాట వినకుండానే తేల్చేసిన తీరు.

"మేం పద్ధతిగా వచ్చాం, పన్నులు కట్టాం, గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకేళ్లు కాచుక్కూర్చున్నాం. వాళ్లకెందుకు తక్కువ ఫీజు?" అని ఈ హాల్లోనే అనుకునేవాళ్లుంటారు. ఆ ఉక్రోషం నాకు అర్థమవుతుంది. కానీ మూడో తరగతిలో అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లవాడు ఏ లైనూ దాటలేదు. ఈ రాష్ట్రంలో బడులు నడిచేది ఆస్తి పన్నుతో, అమ్మకం పన్నుతో. అద్దె కట్టినా, తిండి సరుకులు, మందుల్లాంటివి మినహా ఏం కొన్నా, వాళ్లూ మనతోపాటు కడుతున్నవాళ్లే.

పైగా మనింటి సంగతి చూడండి. అమ్మానాన్నల ఉద్యోగ వీసాతో ముడిపడిన హెచ్-4 మీద వచ్చిన మన పిల్లలు, 21 నిండేలోగా గ్రీన్‌కార్డు రాకపోతే ఎఫ్-1 విద్యార్థి వీసా లాంటిదానికి మారాలి. రెండేళ్ల వయసులో వచ్చిన పిల్ల ఇక్కడే చదివి, ఒక పుట్టినరోజుతో విదేశీ విద్యార్థిని అయిపోతుంది. చిన్నప్పుడే వచ్చిన పేపర్లు లేని పిల్లల్ని దేశం దాటించకుండా 2012లో ఒబామా తెచ్చిన డాకా వీళ్లకు వర్తించలేదు, అప్పటికి వీసా సక్రమంగా ఉన్న పాపానికి! అలాంటి పిల్లలకు శాశ్వత నివాసానికి దారి చూపే డ్రీమ్ యాక్ట్ బిల్లు అయితే 2001 నుంచి కాంగ్రెస్‌లో నానుతూనే ఉంది.

పిల్లలూ, మీలో చాలామంది ఇక్కడే పుట్టారు. పద్దెనిమిది నిండగానే మీకు ఓటొస్తుంది. మీ అమ్మానాన్నల్లో చాలామందికి అది లేదు. మీ పక్క బెంచీలో కూర్చునే స్నేహితుడికీ లేకపోవచ్చు. కాబట్టి ఓటరుగా పేరు నమోదు చేసుకోండి. మీ శాసనసభ్యుడికి ఒక ఉత్తరం రాయండి. అది మాత్రం ఇంగ్లీషులోనే రాయండి.