ఆటగాని సంతకము

అమెరికా బాస్కెట్‌బాలు ఆటగాండ్రు కోటీశ్వరులు, వారికి కార్మికుని కష్టములెక్కడివని కొందరు నవ్వుదురు. మాకు నవ్వు రాదు. ఒకప్పుడు గడువు తీరినను ఆటగాడు జట్టును విడిచి స్వేచ్ఛగా వేఱొకచోట బేరమాడజాలకుండెను. ఆస్కార్ రాబర్ట్‌సన్ 1970లో వ్యాజ్యము వేయగా, 1976లో రాజీ కుదిరి ఆ సంకెల సడలెను.

అట్టి హక్కును చేతబట్టుకొని ఒకడు దానిని వాడుకొనక పోవుట చూడుడు. యజమానులకును ఆటగాండ్ర సంఘమునకును గల ఒడంబడిక 2011 జూన్ 30తో ముగియనుండెను. రాబోవు షరతులు కఠినములగునని అందఱకును తెలియును. డెన్వరు ఆటగాడు కార్మెలో ఆంథొనీ ఆ వేసవిలో స్వతంత్రుడు కాగలిగియు ఆగలేదు. ఫిబ్రవరిలోనే న్యూయార్కుజట్టునకు మారి, మూడేండ్ల పొడిగింపునకు సంతకము చేసెను. సుమారు ఆరున్నర కోట్ల డాలర్లు! దురాశ యందురా? ధర పడిపోవునని విన్న రైతు పైరు చేలోనుండగానే బేరము కుదుర్చుకొనడా?

జూలై 1న యజమానులు లాకౌటు ప్రకటించిరి. అది 161 దినములు సాగెను. 82 ఆటలకు 66 మిగిలెను. రాబడిలో ఆటగాండ్ర వాటా నూటికి 57 నుండి ఇంచుమించు 50కి దిగెను. ఆంథొనీ పొడిగింపు నిలిచెను. గడువు తీరి, సంతకము లేక మిగిలిన చిన్న ఆటగానితో అన్నినాళ్లును ఏ జట్టును మాటాడుటకైన వీలులేకపోయెను.