బడిలోని ఉమ్మడి ల్యాప్‌టాపులు

నేను చిరకాలము తెలుగు పండితుడనుగా పనిచేసి, తుదకు ప్రధానోపాధ్యాయుడనై విరమించినవాడను. శబ్దమంజరి వల్లెవేసి చదువుకొన్న వీనికి ల్యాప్‌టాపుల ముచ్చట యేలయని మీరనవచ్చును. వానితో బడి నడపి చేయి కాల్చుకొన్నవాడను గనుకనే ఈ నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను.

2022 డిసెంబరు 21వ తేదీన మన బాపట్ల జిల్లా యడ్లపల్లిలో, ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి పిల్లలకును వారి ఉపాధ్యాయులకును ట్యాబులిచ్చు కార్యక్రమము ప్రారంభమైన సంగతి మీరెరుగుదురు. రాష్ట్రమంతట ఇచ్చినవి ఐదు లక్షలకు పైబడినవి. అవి ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. పిల్లవాడు సంచిలో వేసికొని ఇంటికి గొనిపోవును. పగిలినచో ఎవనిదో తెలియును. నేను నేడు ప్రస్తావించునది అట్టిది కాదు. దాతలో, పూర్వవిద్యార్థులో ఇచ్చిన పది ల్యాప్‌టాపులను నలువదిమంది పిల్లలు వంతులవారీగా వాడుకొనుట. ఊరుమ్మడి చెరువునకు పూడిక తీయువాడు దొరకడని మీకు నేను చెప్పనక్కరలేదు.

నేను పనిచేసిన ఒక బడికి అట్టివి పది వచ్చినవి. మొదటి యేడు నేను తీసికొన్న జాగ్రత్త ఏమనగా, వానిని ఇనుపబీరువాలో పెట్టి తాళముచెవి మొలత్రాటికి కట్టుకొనుట. అధికారులు వచ్చినపుడు వెలికితీయుట, వారు వెడలగానే లోపల పెట్టుట. దొంగ యొక్కడును రాలేదు. ఏడాది గడచిన పిమ్మట చూడగా నాలుగు వెలుగలేదు. ఒకదాని అడుగు ఉబ్బియుండెను. మరమ్మతు చేయువాడు చూచి, “పంతులుగారూ, ఇవి వాడి చెడినవి కావండి, వాడక చెడినవి” అనెను. బ్యాటరీ పూర్తిగా ఖాళీయై నెలలకొలది పడియున్నచో పాడగును. వేసవి సెలవులకు మూయునపుడు సగము ఛార్జింగుతో నుంచి, నెలకొకమారైనను చూచుచుండవలెను. ఉబ్బినదానిని మరల కరెంటునకు తగిలింపరాదు; అంటుకొను ప్రమాదము కలదు. మనది సముద్రతీరము గూడ. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చేరువనే తీరము దాటెను గదా! బీరువాను నేలబారున నుంచక ఇటుకలపై నెత్తుగా నిలిపి, చెమ్మగోడకు ఎడముగా జరుపవలెను.

పూర్వము తాళపత్రగ్రంథముల తుదిని, నూనెనుండియు నీటినుండియు సడలిన కట్టునుండియు మూర్ఖుని చేతినుండియు తన్ను కాపాడుమని పుస్తకమే వేడుకొనుచున్నట్లు లేఖకులు వ్రాయుట కలదు. అసలెవ్వరికిని ఈయవలదని మాత్రము వ్రాయలేదు. 1918లో స్థాపింపబడిన మన వేటపాలెము సారస్వత నికేతనములోని పాతపత్రికల కొరకు దూరదేశముల పరిశోధకులు నేటికిని వచ్చుచున్నారు. వస్తువు నిలుచుట తాళమువలన కన్న లెక్కవలననే యని నా తలంపు.

రెండవయేడు ప్రతిదానిపై నూనెరంగుతో అంకె వేయించితిని. తయారీదారు వేసిన క్రమసంఖ్యను గూడ రిజిస్టరులో ఎక్కించితిని. పోయినచో పోలీసులకు చూపవలసినది అదియే. ఏ పిల్లవానికి ఏ అంకెయో ఏడాదిపొడవున మారదు. తీసికొన్న వేళ, అప్పగించిన వేళ, అప్పటి స్థితి పిల్లలే వ్రాసి చేవ్రాలు చేయుదురు. మూత విరుగుటలు, మీటలు ఊడుటలు చాలవరకు తగ్గిపోయినవి.

ఇంతవరకు పెట్టెసంగతి. పెట్టెలోనిదే అసలు సొత్తని నాకు ఆలస్యముగా బోధపడినది. పది ల్యాప్‌టాపులకును ఒక్కటే పాస్‌వర్డు; అదియు బడిపేరే. మరచిపోకుండుటకై దానిని నల్లబల్లమూల నేనే వ్రాయించితిని. ఒకనాడు పదవతరగతి బాలిక ఉపకారవేతనమునకు దరఖాస్తు నింపుచు, గంట కొట్టగానే మెయిలు మూయక లేచిపోయెను. తరువాతి వంతున కూర్చున్న బాలురు ఆమె పేర వ్రాయరాని మాటలు వ్రాసి మరియొకరికి పంపిరి. ప్రొద్దుగ్రుంకులోపల ఊరంతయు ప్రాకినది. మరునాటినుండి తండ్రి ఆమెను బడి మాన్పించెను. పిల్లదే తప్పని పదిమందియు ననిరి. తప్పు బల్లమీద పాస్‌వర్డు వ్రాయించిన నాది. మూడుమారులు వారింటికి పోయి వట్టిచేతులతో మరలి వచ్చితిని. నాలుగవమారు ఊరిపెద్దలిరువురు నాతో వచ్చి అరుగుపై కూర్చుండిన పిమ్మట ఆయన సమ్మతించెను. పందొమ్మిది దినముల చదువు పోయినది. దరఖాస్తు గడువును దాటిపోయినది.

నాటినుండి ప్రతి పిల్లవానికిని ల్యాప్‌టాపులో వేరువేరు ఖాతా యేర్పరచితిమి. పాస్‌వర్డు ప్రాణస్నేహితునికైనను చెప్పరాదు. దీనిని గుర్తుంచుకొనవలెనా యని యంత్రమడిగినచో వలదనవలెను. లేచునపుడు లాగౌటు చేసిన పిదపనే రిజిస్టరులో చేవ్రాలు. కొత్త ఖాతాలు తెరచుటకు, తొలగించుటకు అధికారముగల పెద్ద పాస్‌వర్డు వేరుగా నుండును. అది పిల్లల నోట పడరాదు. ఒక్క ఉపాధ్యాయుని తలలోనే యుండరాదు. ఆయనకు బదిలీ యైనచో యంత్రములన్నియు మూగబోవును. కవరులో పెట్టి లక్కముద్ర వేసి ఆఫీసు బీరువాలో నుంచుట మేలు.

పెద్దలారా, మీరు తల్లిదండ్రుల కమిటీకి పోవునపుడు “తాళము వేసితిరా?” అని యడిగి ఊరకుండవలదు. రిజిస్టరు తెప్పించుకొని చూడుడు. ఎదుటనున్న పిల్లను పిలిచి “నీ ల్యాప్‌టాపు అంకె యెంతమ్మా?” అని యడుగుడు. ఆ పుస్తకమే లేదని ప్రధానోపాధ్యాయుడు నావలె తలవంచుకొన్నచో, కోపపడక ప్రక్కన కూర్చుండి మొదటిపుట ఆనాడే వ్రాయింపుడు.