ఫిలిప్పీను ముష్టియోధులు

తద్దినమునాడు మనము పిండప్రదానము చేయునపుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు వరుసగా చెప్పుదుము. ముత్తాత పేరు వచ్చుసరికి చాలమంది తడుముకొందురు గాని, తాత పేరు మాత్రము తప్పక జ్ఞాపకముండును. అయితే మనుమడు తాతను తలచుకొనవలెనన్నచో ముందు ఆ తాతకు పెండ్లి కావలెను గదా! నవ్వులాటకు చెప్పినమాట కాదిది. పసిఫిక్కు మహాసముద్రము దాటి అమెరికాకు పోయి, అచట ముష్టియుద్ధమున పేరు గడించిన ఫిలిప్పీను యువకులలో ననేకులకు ఆ భాగ్యము శాసనముచేతనే దూరమయ్యెను. ‘మా తాత ముష్టియోధుడు’ అని నేడు చెప్పుకొనగల మనుమలు అచటచట నున్నారు. వారి కామాట ఎట్లు దక్కెనో నేడు విన్నవింతును.

ఫిలిప్పీను దీవులు మూడువందలయేండ్లకు పైగా స్పెయినువారి యేలుబడిలో నుండి, 1898లో అమెరికా వశమయ్యెను. నాటినుండి ఆ దీవులవారు అమెరికాకు ప్రజలే గాని పౌరులు కారు. ప్రయాణమునకు అడ్డులేదు, ఓటు మాత్రము లేదు. 1906లో మొదట పదునైదుగురు హవాయి దీవుల చెరకుతోటలకు కూలికి పోయిరి. తరువాత వేలకొలది యువకులు కాలిఫోర్నియా చేరి, కూరగాయల తోటలలో దినమంతయు వంగి కోతలు కోయుచు, వేసవిలో అలాస్కాకు పోయి చేపలను డబ్బాల కెక్కించుచు బ్రదికిరి. మన కోస్తాజిల్లాలవారు రంగూనుకు పోయినట్లే వారును నాలుగు రాళ్లు వెనుకవేసికొని తిరిగివత్తమనియే బయలుదేరిరి. స్త్రీలు వెంటబోలేదు. 1930 నాటికి కాలిఫోర్నియాలో వారు ముప్పదివేలకు మించిరి. సుమారు పదునలుగురు పురుషులకు ఒక స్త్రీ చొప్పున నుండెను.

వీరిలో దేహబలము గలవారు కొందరు ముష్టియుద్ధమున ప్రవేశించిరి. అందు మొదట చెప్పదగినవాడు ఫ్రాన్సిస్కో గియ్యేదో. లోకము ఇతనిని పాంచో విల్లా యనును. 1901లో నీగ్రోస్ దీవియందలి ఇలోగు గ్రామమున పుట్టెను. పసితనముననే తండ్రి అమెరికా నౌకాదళమున చేరి వెడలిపోయెను. పిల్లవాడు పట్టణము చేరి పరుల బూట్లు తుడిచి పొట్టపోసికొనెను. ఐదడుగుల పైన ఒక అంగుళము పొడవువాడు. ఇతడు పోరిన తరగతి పేరు ఫ్లైవెయిట్, అనగా ఈగబరువు! దాని హద్దు 112 పౌనులు. మన పాత లెక్కకు సుమారు నాలుగున్నర మణుగులు. ఇతడు 1922లో అమెరికా చేరెను. 1923 జూన్ 18వ తేదీన న్యూయార్కునందు, ఏడేండ్లుగా జగజ్జెట్టియైయున్న జిమ్మీ వైల్డును ఏడవ ఆవృత్తిలో పడగొట్టెను. ఆసియాఖండమువాడు ముష్టియుద్ధమున జగజ్జెట్టి యగుట అదియే మొదలు. రెండేండ్లు గడచెనో లేదో పంటినొప్పి పట్టెను. అది తగ్గకమునుపే 1925 జూలై 4న బరిలో దిగి ఓడెను. విషము గొంతుకు దిగి, ఆ నెల 14వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో మరణించెను. అప్పటి కిరువదినాలుగేండ్లు నిండలేదు. దేహమును ఓడపై మనీలాకు చేర్చిరి.

అతని తరువాతివారిలో సెఫెరినో గార్సియా గొప్పవాడు. 1939 అక్టోబరులో ఫ్రెడ్ అపోస్తలీని గెలిచి మధ్యమతూకమున జగజ్జెట్టి యయ్యెను. ఇతని ప్రత్యేకమైన దెబ్బకు ‘బోలో’ యని పేరు. బోలో యనగా ఆ దీవులలో చెరకు నరుకుటకు, పొదలు కొట్టుటకు వాడు పెద్దకత్తి. చేతిని క్రిందినుండి వంపుగా త్రిప్పి పైకి విసరుట దీని తీరు. పొలముపనిలో చేతికి పట్టువడిన విసరే బరిలో పనికివచ్చె నందురు. చెరకు నరికిన చేతులుగల శ్రోతలకు నేను వేరుగ వివరింప నక్కరలేదు.

అందరును విల్లాలు, గార్సియాలు కారు. పగలు తోటలలో కూలిచేసి, రాత్రి చిన్నపట్టణములలో పోరాడినవారే ఎక్కువ. ఆ పోరులు చూచుటకు తోటి కూలివారు దొరలవలె దుస్తులు ధరించి వచ్చి, వారముకూలి పందెము కాయుచుండిరి. పందెముమాట నేను మెచ్చను. కాని వారి యుత్సాహమునకు కారణము కలదు. తోటలో తెల్లవానిపై చేయెత్తినచో చెఱసాలయే గతి. త్రాళ్లనడుమ నది న్యాయమే.

వెలుపలి స్థితి చూడుడు. 1930 జనవరిలో వాట్సన్‌విల్లు పట్టణమున తెల్లవారు గుంపులుగూడి దినములతరబడి వీరిని వేటాడిరి. తెల్లపడుచులతో నృత్యము చేయుచున్నారనుట వారి కోపమునకు కారణము. ఫెర్మీన్ తోబేరా యను ఇరువదిరెండేండ్ల కూలివాడు తన బసలోనే గుండుదెబ్బకు కూలెను.

ఇక వివాహశాసనము. తెల్లవారితో మంగోలుజాతివారికి వివాహము చెల్లదని కాలిఫోర్నియా శాసనము. ఫిలిప్పీనువాడు మలయజాతివాడు గాని మంగోలు కాడని 1933లో న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే శాసనసభవారు ‘మలయ’ యను మాట చేర్చి ఆ సందు మూసివేసిరి. శబ్దార్థవాదములు నేను శాస్త్రగ్రంథములలో చాల చదివితిని. ఒక్క శబ్దము చేర్చి ఇన్ని సంసారములు మొదలుకాకుండ నాపుట మాత్రము ఇచటనే కంటిని. మరుసటి సంవత్సరము, దీవులనుండి ఏటికి ఏబదిమందికి మించి రారాదని వేరొక శాసనము వచ్చెను. ఇక స్వదేశపు పిల్ల మాత్ర మెట్లు వచ్చును? కొందరు అడ్డులేని రాష్ట్రములకు పోయి పెండ్లియాడి వచ్చిరి. తక్కినవారు ఊరకుండిరి.

యుద్ధము వచ్చి కొంత మార్చెను. 1942లో ఫిలిప్పీనువారి సేనాదళ మేర్పడెను. అందు చేరినవారు పలువురు స్వదేశమున పెండ్లాడి, 1945నాటి శాసనమువలన భార్యలను తెచ్చుకొనిరి. 1946లో వారికి పౌరసత్వార్హత కలిగెను. ఆ శాసనమే మన హిందూదేశీయులకును ఆ హక్కు నిచ్చెను. వివాహనిషేధమును 1948లో కాలిఫోర్నియా న్యాయస్థానము కొట్టివేసెను. అప్పటికి తొలుత వచ్చినవారు నలుబదేండ్లు దాటినవారు. వధువు ఇరువదేండ్లది. ఈ తారతమ్యమును నేను పొగడను. బిడ్డ బడికి పోవుసరికి తండ్రి కేబదేండ్లు. మనుమడు పుట్టుసరికి డెబ్బదియైదు. ‘లోలో’ యని, అనగా తాతా యని, పిలిపించుకొనుటకు కొందరు మిగులనేలేదు. అట్టి మనుమలకు దక్కినది ఛాయాచిత్రమే. పట్టులాగు తొడిగి, పిడికిళ్లెత్తి నిలిచిన ఆ తాత, చూచుచున్న మనుమనికంటె చిన్నవాడు.

పెండ్లిలేని వృద్ధులును తోటలలోనే యుండిరి. 1965 సెప్టెంబరులో డెలానో ద్రాక్షతోటలలో సమ్మె మొదలుపెట్టినవారు ఈ ముదుసలులే. లారీ ఇత్లియోంగు వారి నాయకుడు. తోటపనికి చాలని వృద్ధుల నివాసమునకై ఆ యూర 1974లో ఒక వసతిగృహము తెరచిరి. సమ్మెకాలమున కాపలాపంక్తిలో ప్రాణము విడిచిన పావ్లో అగ్బయానీ పేరు దాని కుంచిరి. అట్టి వృద్ధులను జనులు ‘మనోంగ్’ అని పిలుచుచుండిరి. ఇలోకానో భాషలో ఆ మాటకు అన్నగారని యర్థము.