ఆకాశమున పళ్లెరము: ఒక ఛాయాచిత్రముపై విచారణ

ఆకాశమున వింత వస్తువు కనిపించినదని యొకరు చెప్పినచో, పల్లెలో వెంటనే రెండు పక్షములు బయలుదేరును. చూచినవాడు కల్లలాడువాడు కాడని కొందఱు, కొఱవిదయ్యమును చూచి బెదరినాడని కొందఱు. చూచినవాడు ఛాయాచిత్రమును గూడ తెచ్చి ముందుంచినచో తీర్పు సులభమగునా? అట్టి వ్యవహార మొకదానిని నేడు మీకు మనవి చేసెదను.

అమెరికా దేశమున ఆరెగాన్ రాష్ట్రములో మెక్‌మిన్‌విల్ అను పట్టణము కలదు. దాని సమీపమున నొక రైతు దంపతులు కాపురముండిరి. 1950వ సంవత్సరము మే 11వ తేదీ సాయంకాలము ఇల్లాలు కుందేళ్లకు మేత వేయుచుండగా, లోహపు పళ్లెరమువంటి వస్తువు మింట మెల్లగా కదలివచ్చుట చూచినదట. ఆమె కేకవేయగా భర్త కెమెరాతో రెండు చిత్రములు తీసెను. వారు వెంటనే పత్రికలకు పరుగెత్తలేదు. చుట్టలో మిగిలిన ఫిల్ము ముగియువఱకు ఆగిరి. జూన్ నెలలో ఆ చిత్రములు స్థానిక పత్రికలోను, పిమ్మట 'లైఫ్' పత్రికలోను వెలువడెను.

అమెరికా వైమానిక దళమువారు 1947 మొదలు 1969 వఱకు ఇట్టి వార్తలను 12,618 సేకరించిరి. వానిలో 701 మాత్రము ఇదమిత్థమని తేలక మిగిలెను. ఆ దళమువారి ధనముతోనే 1966లో కొలరాడో విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ కాండన్ అను భౌతికశాస్త్రజ్ఞుని నాయకత్వమున నొక విచారణ సంఘ మేర్పడెను. మెక్‌మిన్‌విల్ చిత్రములను పరీక్షించు పని విలియమ్ హార్ట్‌మన్ అను ఖగోళశాస్త్రజ్ఞునకు వచ్చెను.

ఆయన యనుసరించిన మార్గము మనకు సుబోధమే. దూరపు కొండ దగ్గఱి కొండకంటె పాలిపోయి కనిపించును గదా! నడుమనున్న గాలియు, ధూళియు వెలుతురును చెదరగొట్టుటయే దానికి కారణము. ఆయన అసలు నెగెటివులను తెప్పించి, ఆ వస్తువు అడుగుభాగపు నీడను ఇంటియొద్దనున్న నూనెతొట్టి అడుగుభాగపు నీడతో పోల్చి కొలిచెను. వస్తువు నీడయే ఎక్కువ పాలిపోయి యుండెను. కావున అది దూరమున నున్న పెద్ద వస్తువు కావచ్చునని యూహించెను. అయినను పైన తీగలున్నందున, చిన్న నమూనాను వానికి వ్రేలాడదీసి రేమో యను శంకను పూర్తిగా త్రోసివేయలేదు.

తరువాత రాబర్ట్ షీఫర్, ఫిలిప్ క్లాస్ అను విమర్శకులు మఱియొక సాక్షిని పట్టుకొనిరి. ఆ సాక్షి నీడయే! చిత్రములో కారుకొట్టపు తూర్పుగోడమీద చూరునీడ పడియున్నది. ప్రొద్దు పడమట నున్నప్పుడు తూర్పుగోడపై అట్టి నీడ యెట్లు పడును? చిత్రములు ఉదయమున తీసినవని వారి వాదము. కటకముపై మసక యున్నను వస్తువు పాలిపోయి కనిపించునని కూడ వారు చెప్పిరి. వెలుగొందు మబ్బువలనను అట్టి నీడ పడవచ్చునని బ్రూస్ మకాబీ అను శాస్త్రజ్ఞుడు బదులు చెప్పెను. 2013లో ఫ్రెంచి పరిశోధకులు కంప్యూటరుతో పరీక్షించి, దారపు జాడ కనబడినదనిరి. దంపతులు మాత్రము తమ మాటను మార్చుకొనలేదు. ఆ చిత్రములవలన ధనము గడించినట్లును కనబడదు.

నా మట్టుకు నాకు నీడ సాక్ష్యమే బలవత్తరముగా తోచుచున్నది. అయినను, అది రైతును దొంగయని చాటుటకు చాలదు. తగవులు తీర్చు పెద్దలకు ఈ భేదము తెలియనిది కాదు. సాక్షి మంచివాడని గోడమీది నీడను కొలుచుట మానరాదు. నీడ పొసగలేదని సాక్షి పరువు తీయరాదు. 'తేలలేదు' అను మాటకు 'అన్యలోకవాసులు వచ్చిరి' అని యర్థము చెప్పుటయు తగదు. ఇట్టి వార్తలను ఇంకను శోధించుటవలన శాస్త్రమునకు లాభము కలుగునని తోచదని కాండన్ సంఘము 1969లో ప్రకటించెను. ఆ యేడు డిసెంబరులో వైమానిక దళమువారు విచారణను ముగించిరి.

మీ గ్రామమున నెవరైన నిట్టి వింతను చూచితినని వచ్చినచో పరిహసింపకుడు. ఏ గడియను, ఏ దిక్కున, ఎంత యెత్తున, ఎంతసేపు కనబడెనో, మబ్బును గాలియు నెట్లుండెనో యడిగి, నలుగురు చెప్పుకొని కథ పెరుగకముందే వ్రాసి యుంచుడు. చూచినవారు పలువురైనచో వేర్వేఱుగా నడుగుడు. చిత్రమున్నచో అసలు ప్రతిని భద్రపఱచుడు.