యుగళగీతంలో ఆమె గొంతు



పొద్దుట్నుంచీ మనం కేసుల గురించి మాట్లాడుకుంటున్నాం. ఇంత బరువైన చర్చ మధ్యలో నన్ను పాటల గురించి మాట్లాడమన్నప్పుడు కొంత సంకోచించాను. కానీ నేను చెప్పబోయేది ప్రేమపాటల వెనక ఉన్న శ్రమ గురించి, హింస గురించి. అందుకే ఒప్పుకున్నాను.

పీహెచ్‌డీ చేసే రోజుల్లో హాస్టల్లో నా రూమ్మేట్ దగ్గర ఒక పాత క్యాసెట్ ఉండేది. 1967లో అమెరికాలో వచ్చిన ‘యునైటెడ్’ అనే ఆల్బమ్ అది. మార్విన్ గే, టామి టెరెల్ అనే ఇద్దరు నల్లజాతి గాయకులు పాడిన యుగళగీతాలు. ఆ సంగీతాన్ని ‘సోల్’ అంటారు. నల్లవాళ్ల చర్చి పాటల్లోని ఆర్తి అందులో వినిపిస్తుంది. ఆ పాటల్లో స్త్రీ బతిమాలదు, గుమ్మంలో నిలబడి ఎదురుచూడదు. మగవాడు మాట ఇస్తే తనూ ఇస్తుంది. ఇంత సమానంగా ప్రేమించుకోవచ్చా అని ఆశ్చర్యపోయేవాళ్లం. ఆ గొంతు ఎవరిదో చాలా ఏళ్ల తర్వాతగానీ తెలుసుకోలేదు.

ఆమె అసలు పేరు థామసీనా మాంట్‌గమరీ. 1945లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. పదిహేనేళ్లు దాటీదాటకముందే రికార్డులకి పాడటం మొదలుపెట్టింది. కొంతకాలం యూనివర్సిటీలో కూడా చదివింది. 1965లో డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీలో చేరాక ఆమెకు టామి టెరెల్ అనే పేరు స్థిరపడింది. రికార్డు మీద అచ్చువేయడానికి ఇంటిపేరు మరీ పొడుగైందని కంపెనీ యజమాని బెర్రీ గోర్డీ మార్చాడు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవడం మనకి తెలుసు. ఇక్కడ ఆ పని కంపెనీ చేసింది.

మోటౌన్‌ని చిన్నచూపు చూడలేం. వర్ణవివక్ష నిండిన దేశంలో ఒక నల్లజాతీయుడు 1959లో, కుటుంబం దగ్గర అప్పు తెచ్చుకున్న 800 డాలర్లతో మొదలుపెట్టిన సంస్థ అది. కానీ అదొక కర్మాగారం కూడా. ఎలా నడవాలో, ఎలా కూర్చోవాలో, ఎలా మాట్లాడాలో గాయనులకు ప్రత్యేకంగా నేర్పేవారు. యుగళగీతాలు కూడా అక్కడ తయారయ్యే సరుకే. మార్విన్ పక్కన మొదట మేరీ వెల్స్ పాడింది, తర్వాత కిమ్ వెస్టన్ పాడింది. ఇద్దరూ కంపెనీ వదిలి వెళ్లారు. మూడో గొంతు టామిది. పక్కన స్త్రీ మారుతూ వచ్చింది, మార్విన్ మాత్రం మారలేదు.

ఆల్బమ్ పేరుకు అర్థం ‘ఒక్కటైనవాళ్లు’. కానీ అందులో అందరికీ తెలిసిన పాట, ఏ కొండా అడ్డుకాదని చెప్పే పాట, ఇద్దరూ కలిసి పాడింది కాదు. మొదట టామి ఒక్కతే స్టూడియోలో పాడి వెళ్లింది. మార్విన్ గొంతు తర్వాత కలిపారు. పక్కన ఎవరూ లేకుండా, ఎవరో ఉన్నట్టే బదులు చెప్తూ పాడటం ఎంత నైపుణ్యమో ఆలోచించండి. దాన్ని ‘ఇద్దరి మధ్య కుదిరిన మాయ’ అన్నారు తప్ప ఆమె పనితనం అనలేదు.

ఆ పాటలు పాడే నాటికే ఆమె దెబ్బలు తిని ఉంది. జేమ్స్ బ్రౌన్ బృందంలో పాడుతున్నప్పుడు, టీనేజీ దాటకముందే, అతను ఆమెను కొట్టేవాడని కుటుంబమూ తోటి కళాకారులూ తర్వాత చెప్పారు. అక్కడినుంచి బయటపడింది. తర్వాత టెంప్టేషన్స్ బృందంలోని డేవిడ్ రఫిన్ పెళ్లి చేసుకుంటానన్నాడు. అతనికి అప్పటికే భార్యా పిల్లలూ ఉన్నారని ఆమెకు ఆ తర్వాత తెలిసింది. ఆ సంబంధంలోనూ దెబ్బలే. ఇద్దరూ పేరున్న గాయకులే. వాళ్లూ ప్రేమపాటలే పాడారు.

1967 అక్టోబర్ 14న వర్జీనియాలో ఒక కాలేజీ వేదిక మీద పాడుతూ పాడుతూ ఆమె మార్విన్ చేతుల్లోకి ఒరిగిపోయింది. మెదడులో కణితి ఉందని తేలింది. ఎన్నో ఆపరేషన్లు చేశారు. 1970 మార్చి 16న చనిపోయింది. ఇరవై నాలుగేళ్లు. వాళ్లిద్దరూ స్నేహితులు. అయినా ఆ ఒరిగిపోయిన క్షణాన్ని ప్రేమకథలో ఆఖరి సన్నివేశంలా చెప్పుకుంటూ వచ్చారు. ఒక స్త్రీ పని చేస్తూ చేస్తూ పనిచోటే కూలిపోయిందని మాత్రం చెప్పుకోలేదు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చెప్పాలి. ఆ దెబ్బల వల్లే కణితి వచ్చిందని చాలామంది రాశారు. దానికి వైద్యపరమైన ఆధారం లేదు. చిన్నతనం నుంచే ఆమెకు తీవ్రమైన తలనొప్పి ఉండేదని కుటుంబం చెప్పింది. మరి ఆ మాట మనకెందుకంత తొందరగా నచ్చుతుంది? చావుతో ముడిపడితే తప్ప దెబ్బని నేరంగా చూడటం మనకి అలవాటు కాలేదు కాబట్టి. స్టేషన్లో మనల్ని అడిగే ప్రశ్న కూడా అదే కదా: ‘ప్రాణానికేం ప్రమాదం లేదుగా?’ కణితికి కారణం దెబ్బలు కాకపోయినా ఆ దెబ్బలు దెబ్బలే. వాటిని చావు రుజువు చేయనక్కర్లేదు.

1969లో ‘ఈజీ’ అనే మూడో ఆల్బమ్ వచ్చింది. అప్పటికి టామి బాగా జబ్బుతో ఉంది. అందులో చాలా పాటలు పాడింది టామి కాదనీ, పాటల రచయిత్రి వాలరీ సింప్సన్ అనీ మార్విన్ తర్వాత చెప్పాడు. వాలరీ ఒప్పుకోలేదు. తను పాడింది టామికి దారి చూపడానికేనంది. మన సినిమావాళ్ల భాషలో చెప్పాలంటే, ట్రాక్ పాడానంది. ఎవరి మాట నిజమైనా నష్టం స్త్రీకే. మార్విన్ చెప్పింది నిజమైతే వాలరీ గొంతుకి పేరు దక్కలేదు. వాలరీ చెప్పింది నిజమైతే, అంత జబ్బులో టామి చేసిన పని ఆమెది కాకుండా పోయింది.

టామి పోయాక మార్విన్ చాలాకాలం వేదిక ఎక్కలేదు. 1971లో అతని గొప్ప ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ వచ్చింది. ఆ దుఃఖం నిజమైనదే, నేను కాదనను. కానీ సంగీత చరిత్రలో టామి ఆ గొప్పతనానికి ఒక కారణంగా మిగిలింది, గాయనిగా తక్కువ మిగిలింది.

ఇదంతా మీకెందుకు చెప్పానంటే, మన కేసు ఫైళ్లు ఒకసారి తీసి చూడండి. పేరు, వయసు, పెళ్లయిన తేదీ, దెబ్బల వివరం ఉంటాయి. ఆమెకేం పని వచ్చు, ఆ పనికి డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది, ఆమె పేరు మీద ఏముంది అన్న గడులు ఉండవు. మనం కూడా ఆమెను దెబ్బలుగానే రాసుకుంటున్నాం. ఈసారి ఫారాలు అచ్చు వేయించేటప్పుడు ఆ గడులు చేరుద్దాం. మన దగ్గరికి వచ్చిన స్త్రీని కూర్చోబెట్టి, గాయం గురించి అడిగే ముందు, పని గురించి అడుగుదాం.

ఆ పాటలు నేనింకా వింటాను. ఇప్పుడు వింటే ముందు ఆమె గొంతే వినిపిస్తుంది.

సెలవు.