మంచం మీది మనిషిని ఎవరు దించుతారు?

వార్డులో రోగి దగ్గర ఒకరిని కూర్చోబెట్టి వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఎక్కువసేపు ఆపను. ఈరోజు జబ్బు గురించి కాదు, నిప్పు గురించి మాట్లాడుకుందాం.

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు కార్చిచ్చు గురించి ఫోన్లో చెబుతుంటారు. అక్కడ అడవి అంచున ఉన్న కాలనీల్లో ఇరుగుపొరుగువారు బృందాలుగా చేరి ఇళ్ల చుట్టూ ఎండుగడ్డి తీసేస్తారు, ముందుగానే దారి చూసుకుంటారు. మన అమీర్‌పేట, పంజగుట్టలలో అడవి లేదు. కానీ మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో చూడండి. కింద టిఫిన్ సెంటర్, మధ్యలో కోచింగ్, పైన హాస్టల్. చాలా మేడల్లో అందరికీ ఒకటే ఇరుకు మెట్లు. ఆ మెట్ల కిందే కరెంటు మీటర్లు, బళ్లు, పాత పరుపులు.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీ యువకులు చనిపోయారు. వారిని పొట్టన పెట్టుకున్నది మంట కాదు, పొగ. 2025 మే 18న గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది పోయారు, వారిలో 8 మంది పిల్లలు. అక్కడా దారి ఇరుకే. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. మనిషి కేక వేయకుండానే స్పృహ తప్పుతాడు. అందుకే ఫైరింజన్ వచ్చేలోపు ఆ కొద్ది నిమిషాలూ పక్కింటివారివే.

మీ అపార్ట్‌మెంట్‌లో సంఘం ఉంటే ఈ ఆదివారమే వెళ్లి చేరండి. మెయింటెనెన్స్ డబ్బు కట్టి ఊరుకోవడం చేరడం కాదు. లేకపోతే కాలనీ సంక్షేమ సంఘాన్ని అడగండి. హాస్టల్లో పిల్లలుంటే యజమానినే అడగండి, మొహమాటం వద్దు. టెర్రస్ తాళం ఎవరి దగ్గరుంది? మెయిన్ స్విచ్ ఎవరు కట్టేస్తారు? రాత్రిపూట మెట్ల కింద బ్యాటరీ బండి చార్జింగ్ పెడుతున్నదెవరు? దీని మీద తగువులు వస్తాయి, రానివ్వండి. దగ్గరి ఫైర్ స్టేషన్‌కు సంఘం తరఫున ఉత్తరం రాసి, సిలిండర్ మంట ఆర్పడం చూపించమని అడగండి. 1944లో బొంబాయి రేవులో ప్రాణాలిచ్చిన ఫైర్ సిబ్బంది జ్ఞాపకంగా ఏటా ఏప్రిల్ 14 నుంచి వారోత్సవాలు జరుగుతాయి. అడగడానికి అది మంచి సమయం.

మెట్ల నిండా పొగ ఉంటే దిగకండి. తలుపు మూసి, సందులో తడిగుడ్డ కుక్కి, కిటికీ దగ్గరికి చేరి 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. లిఫ్టు ఎక్కవద్దు. ఒళ్లు కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్లు పోయండి. టూత్‌పేస్టు, సిరా పూసుకుని వచ్చేవారిని ఇప్పటికీ చూస్తున్నాం.

ఇక మీ రోగి సంగతి. కాలికి కట్టుతోనో, ఆక్సిజన్ యంత్రంతోనో మూడో అంతస్తుకు వెళ్తున్నారనుకోండి. ఆ సంగతి పక్క ఫ్లాటు వారికి తెలుసా? సంఘం పుస్తకంలో పేరు, ఫ్లాటు నంబరు రాయించండి. మోయగల ఇద్దరితో ముందే మాట్లాడుకోండి. దుప్పటిలో మనిషిని ఎలా దించాలో డిశ్చార్జికి ముందు మా సిస్టర్లను అడగండి, చూపిస్తారు. ఆ ఇద్దరినీ వెంట తీసుకురండి.